వెంకటేశ్వర కాలేజీనా, హెచ్‌సీయూనా: ఢిల్లీలోనూ గచ్చిబౌలిలోనూ చదివిన అక్కగా నేను చెప్పేది

చెల్లీ, నువ్వు రాసింది రెండు సార్లు చదివాను. చదివే మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు నీ సంగతి చెప్తా. మీది హుజూరాబాద్, ఇంటర్ ఎంఈసీ, సెంట్రల్ యూనివర్సిటీల ఎంట్రన్స్ సీయూఈటీలో మంచి స్కోర్ వచ్చింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ (హెచ్‌సీయూ)లో ఐదేళ్ళ ఇంటిగ్రేటెడ్ ఎంఏ ఎకనామిక్స్, ఢిల్లీ యూనివర్సిటీ (డీయూ) శ్రీ వెంకటేశ్వర కాలేజీలో బీఏ ఆనర్స్ ఎకనామిక్స్, రెండు సీట్లూ చేతిలో ఉన్నాయి. నాన్న ఎరువుల షాపులో గుమాస్తా, ఆయన హైదరాబాదే మంచిదంటున్నారు, నీకేమో ఢిల్లీ మీద ఉంది. చదువు, రకరకాల మనుషులు, క్యాంపస్ లైఫ్, ఈ మూడూ చూసి ఏది తీసుకోవాలో చెప్పక్కా అన్నావు. చివర్లో ఎకనామిక్స్ లెక్చరర్ అవ్వాలని లేదంటే పాలసీ రీసెర్చ్‌లోకి వెళ్ళాలని ఉంది అని ఒక లైన్ రాశావు చూడు, ఆ లైన్ చూసే కూర్చుని ఇంత రాస్తున్నా.

నాది ఖమ్మం. 2008లో ఢిల్లీ వెళ్ళి సౌత్ క్యాంపస్‌లోనే, నీకొచ్చిన కాలేజీకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఇంకో కాలేజీలో బీఏ ఎకనామిక్స్ చేశా. అప్పుడు సీయూఈటీ లేదు, కాలేజీ గోడ మీద కటాఫ్ లిస్ట్ అంటించేవాళ్ళు, ఇంటర్ మెమో ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నేనూ మా నాన్నా జూన్ ఎండలో ఆ గోడ నుంచి ఈ గోడకి తిరిగాం. తర్వాత 2011 నుంచి 2013 దాకా హెచ్‌సీయూలో ఎంఏ. ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్తున్నా, నా దగ్గర చదివిన పిల్లలు, వాళ్ళ చెల్లెళ్ళు తమ్ముళ్ళు ఏటా ఇదే ప్రశ్నతో వస్తుంటారు. కొన్ని రూల్స్ నా టైంకీ ఇప్పటికీ మారాయి, మారినవి మారినట్టే చెప్తా.

ముందు చదువు సంగతి. అందరూ ర్యాంకింగ్ చూస్తారు, నేను చూడొద్దు అనను గానీ దానికంటే ముందు నువ్వు అడగాల్సింది ఒకటుంది: నాకు పాఠం చెప్పిన మనిషే నా పేపర్ సెట్ చేస్తారా, వేరేవాళ్ళు చేస్తారా? చిన్న ప్రశ్నలా ఉంటది గానీ నీ రోజు మొత్తం దీని మీదే నడుస్తది. ఢిల్లీ యూనివర్సిటీలో సిలబస్ అన్ని కాలేజీలకీ ఒకటే, సెమిస్టర్ పరీక్ష ఒకటే, పేపర్ యూనివర్సిటీ ఇస్తది. నీ క్లాసులో మేడం ఎంత బాగా చెప్పినా చివరికి పేపర్ ఇచ్చేది ఆవిడ కాదు. అందుకే అక్కడ నవంబర్ వచ్చిందంటే జిరాక్స్ షాపుల ముందు క్యూలు, పాత పేపర్లు, సీనియర్ల నోట్స్, ఏ చాప్టర్ నుంచి ఎన్ని మార్కులు వస్తాయి అనే లెక్కలు. ఇందులో మంచి కూడా ఉంది, కొట్టిపారేయను. సిలబస్ చాలా గట్టిగా ఉంటది, ఫస్ట్ సెమిస్టర్‌లోనే మైక్రోతో పాటు మ్యాథమెటికల్ మెథడ్స్, స్టాటిస్టిక్స్ మీద పడతాయి, ఎవరి దయా లేకుండా బండగా అందరికీ ఒకటే కొలత. మ్యాథ్స్ లేకుండా ఆ సీటే రాదు, నీది ఎంఈసీ కాబట్టి ఆ భయం వదిలెయ్. పైగా పక్కన కూర్చునే పిల్లలు మామూలు పిల్లలు కాదు, స్కూల్ టాపర్లు, మనం ఇంటర్‌లో క్లాస్ ఫస్ట్ అనుకున్నది అక్కడ రెండో వారానికి మర్చిపోతాం. ఆ పోటీ నాకు మేలే చేసింది, ఇప్పటికీ ఒక డెరివేషన్ బోర్డు మీద తడుముకోకుండా రాస్తున్నానంటే ఆ మూడేళ్ళ పుణ్యమే.

హెచ్‌సీయూలో వేరే లెక్క. కోర్సు చెప్పే సార్ లేదా మేడమే పేపర్ సెట్ చేస్తారు, వాళ్ళే దిద్దుతారు. మా టైంలో ఒక్కో కోర్సుకి మూడు ఇంటర్నల్స్, అందులో బెస్ట్ టూ లెక్కేసేవాళ్ళు, ఒకటి రాసే పరీక్ష అయితే ఇంకోటి టర్మ్ పేపర్, అంటే ఒక టాపిక్ మీద సొంతంగా రాసే వ్యాసం, ఇంకోటి ప్రెజెంటేషన్. పాత పేపర్లు బట్టీ కొడితే పని జరగదు ఎందుకంటే సార్ ఈ ఏడు వేరే టాపిక్ మీద మనసు పెట్టి ఉంటారు. దీని ఇబ్బంది కూడా చెప్పాలి, ఒక కోర్సు నీకు పడని మనిషి చేతిలో పడితే ఆ సెమిస్టర్ అంతా ఆ మనిషితోనే, తప్పించుకునే దారి ఉండదు. కానీ పడిన మనిషి దొరికితే ఏమవుద్దో నాకు జరిగింది చెప్తా.

ఎంఏ రెండో సెమిస్టర్‌లో అగ్రికల్చరల్ ఎకనామిక్స్ కోర్సుకి టర్మ్ పేపర్ ఇచ్చారు. నేను ఇంటర్నెట్లో దొరికిన డేటాతో ఏదో వరి మద్దతు ధర మీద రాద్దామని వెళ్తే మా సార్ నీది ఏ ఊరు అన్నారు, ఖమ్మం అన్నా, మరి ఖమ్మంలో మిర్చి యార్డ్ పెట్టుకుని నువ్వు ఇక్కడ కూర్చుని ఏం రాస్తావు, వెళ్ళు అన్నారు. ఫిబ్రవరి నెల, కాయ దిగే టైం. నాలుగు రోజులు పొద్దున్నే యార్డ్‌కి వెళ్ళా, గేటు దగ్గరికి వెళ్ళకముందే కళ్ళు మంట, తుమ్ములు, తేజ రకం బస్తాలు వరసలు వరసలు. పొద్దున జెండా పాట పాడతారు, అంటే ఆ రోజు బాగున్న లాట్‌కి పలికిన పై ధర, మర్నాడు పేపర్లో వచ్చేది అదే. కానీ రైతు చేతికొచ్చే తక్‌పట్టీలో, అంటే అమ్మకం లెక్క చీటీలో, ఉండేది ఆ ధర కాదు, తాలు (రంగు పోయిన కాయ) ఉందని, తేమ ఉందని తగ్గుతూ వస్తది, మళ్ళీ కమీషన్, హమాలీ, తూకం వేసే దడ్వాయి కూలి. నేను ఒక్కో రైతు దగ్గరా కూర్చుని ఆ తక్‌పట్టీలు చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నా. ఒకాయన నా నోట్‌బుక్ తీసుకుని నేను రాసిన అంకె కొట్టేసి, ఇది కాదమ్మా, మా ఊరి నుంచి బండి కిరాయి తీసెయ్యలేదు నువ్వు, అని ఆయనే లెక్క వేసి చూపించాడు. నేను ఢిల్లీలో మూడేళ్ళు డిమాండ్ కర్వ్ గీశా, బాగా గీశా. ధర అనేది ఎట్లా తయారవుద్దో ఆ బస్తా పక్కన కూర్చున్న రోజే చూశా. నేను టీచింగ్‌లోకి రావాలనుకున్నది ఆ పేపర్ రాశాకే. నువ్వు లెక్చరర్ అవ్వాలంటున్నావు కాబట్టి ఇది చెప్తున్నా, క్యాంపస్ ప్లేస్‌మెంట్ కావాలనే పిల్లలకి ఈ కథ చెప్పను, వాళ్ళకి ఢిల్లీయే ఎక్కువ పనికొస్తది. కన్సల్టింగ్, అనలిటిక్స్ కంపెనీలు డీయూ ఎకనామిక్స్ పిల్లల కోసం వచ్చినంతగా మన దగ్గర ఇంటిగ్రేటెడ్ పిల్లల కోసం రావు, ఇందులో దాచేదేం లేదు.

ఇంకోటి, ఏళ్ళ లెక్క. 2022 నుంచి డీయూలో నాలుగేళ్ళ విధానం వచ్చింది, మూడేళ్ళకి డిగ్రీ తీసుకుని బయటికి రావొచ్చు, ఉంటే నాలుగో ఏడు కూడా చదవొచ్చు. మూడేళ్ళకి వస్తే ఎంఏ కోసం మళ్ళీ ఎంట్రన్స్, మళ్ళీ కౌన్సెలింగ్, మళ్ళీ హాస్టల్ వెతుకులాట. హెచ్‌సీయూలో ఒకసారి లోపలికి వెళ్తే ఎంఏ అయ్యేదాకా అదే చోటు. నీకు పద్దెనిమిది, ఐదేళ్ళు ఒకే చోట అంటే భారీగా అనిపిస్తది, అది నిజమే. మూడో ఏడు వచ్చేసరికి ఇంటిగ్రేటెడ్ పిల్లల్లో ఒక రకం నీరసం వస్తది, బయట ఫ్రెండ్స్ అందరూ డిగ్రీ పట్టా తీసుకుంటుంటే మనం ఇంకా మధ్యలో ఉన్నామని. మధ్యలో డిగ్రీతో బయటికి వచ్చే రూల్ ఎట్లా ఉందో ఈ ఏడాది ప్రాస్పెక్టస్‌లో చదువు, చదివి ఆ పేజీ ప్రింట్ తీసి పెట్టుకో.

ఇక రకరకాల మనుషులు అన్నావు. దీని మీద నాకు ఒక్క గట్టి అభిప్రాయం ఉంది, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నా అనుకో. బ్రోషర్‌లో ఎన్ని రాష్ట్రాల పిల్లలు ఉన్నారు అనేది చూడకు. నీ రూమ్మేట్ ఎవరో ఎవరు డిసైడ్ చేస్తారు, అది చూడు.

ఢిల్లీలో నా క్లాసులో మణిపూర్ అమ్మాయి ఉంది, హర్యానా జాట్ అబ్బాయిలు ఉన్నారు, బీహార్, కేరళ, బెంగాల్, ఒక నేపాలీ. క్లాస్ ఫోటో చూస్తే భారతదేశం మ్యాప్‌లా ఉంటది. కానీ హాస్టల్ సీట్లు కొన్నే కదా, నాకు రాలేదు, సత్యనికేతన్‌లో ఒక పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ ఇంట్లో, చేరా. వెంకటేశ్వర కాలేజీకి రోడ్డుకి అవతలే సత్యనికేతన్, నువ్వు వెళ్ళినా చాలామటుకు అక్కడే ఉంటావు. మా నాన్న ఏం చేశారంటే తెలిసినవాళ్ళ ద్వారా వాకబు చేసి ఇద్దరు తెలుగు అమ్మాయిలు ఉన్న రూమ్ చూశారు, ఒకామెది నెల్లూరు, ఒకామెది వైజాగ్. ఆయన తప్పేం లేదు, భాష రాని ఊర్లో కూతురిని వదిలిపెట్టి వెళ్ళే తండ్రి ఇంకేం చేస్తాడు. ఓనర్ ఆంటీ గుడ్డు కూడా వండనిచ్చేది కాదు, రాజ్మా, రోటీ, మళ్ళీ రాజ్మా. మేం ముగ్గురం రాత్రి తలుపేసుకుని అన్నంలో ఆవకాయ కలుపుకునేవాళ్ళం, ఆదివారం వస్తే ఏపీ భవన్ క్యాంటీన్‌కి వెళ్ళి పప్పు, వేపుడు, పెరుగుతో కడుపునిండా తిని వచ్చేవాళ్ళం. ఆ భోజనం, ఆ ఇద్దరు అమ్మాయిలు లేకపోతే నేను ఫస్ట్ ఇయర్ దాటేదాన్ని కాదు, ఇప్పటికీ ఫోన్లు చేసుకుంటాం. కానీ నిజం చెప్పాలంటే మూడేళ్ళు ఢిల్లీలో ఉండి నేను తెలుగు రూమ్‌లోనే బతికా. మణిపూర్ అమ్మాయి ఎక్కడ ఉంటదో, ఏం తింటదో, ఆమెకి ఇల్లు అద్దెకి ఎవరూ ఇవ్వట్లేదని, ఇవన్నీ నాకు ఫైనల్ ఇయర్‌లో తెలిశాయి. రోజూ పక్క బెంచీలో కూర్చునే మనిషి. పీజీల్లో మనుషులు భాషని బట్టి, డబ్బుని బట్టి, తిండిని బట్టి వాళ్ళంతట వాళ్ళే విడిపోతారు, ఎవరూ చెప్పక్కర్లేదు.

హెచ్‌సీయూలో లేడీస్ హాస్టల్లో రూమ్ లిస్ట్ ప్రకారం వచ్చింది. నా రూమ్మేట్ ఒడిశా కలహండి అమ్మాయి. నాకు ఒడియా రాదు, ఆమెకి తెలుగు రాదు, ఇద్దరికీ హిందీ అంతంత మాత్రం, మొదటి నెలంతా ఇంగ్లీషులో చాలా మర్యాదగా మాట్లాడుకున్నాం. నెలాఖరుకి మెస్ బిల్ వచ్చిన రోజు ఆమె కాగితం మీద చాలాసేపు ఏదో కూడికలు తీసివేతలు చేస్తుంటే, ఏంటని చూశా. ఏ ఏ రోజులు మెస్‌లో తినకుండా మెస్ కట్ పెట్టుకుంటే ఎంత మిగుల్తదో లెక్క. ఆ మిగిలింది ఇంటికి పంపాలి, తమ్ముడి స్కూల్‌కి. నేను ఢిల్లీ క్లాసులో పేదరికం రేఖ మీద రెండు ఆన్సర్లు కంఠతా రాశాను, ఆ రేఖ నా మంచం పక్క మంచం మీద కూర్చుని పెన్సిల్‌తో లెక్కలు వేసుకుంటుందని అప్పుడే తెలిసింది. ఇంకోసారి మా కారిడార్ చివర రూమ్‌లో నాగా అమ్మాయిలు ఊరి నుంచి తెచ్చుకున్న పులిసిన సోయా గింజలు వండారు, అఖూని అంటారు దాన్ని. వాసన కారిడార్ అంతా. ఎవరో కంప్లయింట్ ఇద్దాం అన్నారు, నేనూ ముక్కు మూసుకుని తల ఊపా. అప్పుడు మా కలహండి అమ్మాయి, మీ ఇంట్లో ఎండు చేపలు వండరా అని అడిగింది, గట్టిగా కూడా కాదు. మా అమ్మమ్మ ఎండు చేపల పులుసు పెడితే వీధి మొత్తానికి తెలుస్తది. నేను వెళ్ళి ఆ రూమ్ తలుపు కొట్టా, ఒక ప్లేట్ పెట్టారు, మొదటి ముద్ద కష్టంగానే దిగింది, తర్వాత బాగుంది. కంప్లయింట్ ఎవరూ ఇవ్వలేదు.

కులం సంగతి కూడా నీకు దాచకుండా చెప్పాలి. మన ఊళ్ళో ఎవరిది ఏ కులమో అందరికీ తెలుసు, నోరు మాత్రం ఎవరూ విప్పరు. హెచ్‌సీయూలో రాత్రి భోజనం టైంకి మెస్ టేబుల్ మీద కరపత్రాలు ఉంటాయి, అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌వి, ఎస్ఎఫ్ఐవి, ఏబీవీపీవి, ఇంకా చిన్న చిన్న సంఘాలవి, తింటూ చదువుతారు, తింటూనే వాదించుకుంటారు. నేను బయటికి వచ్చేశాక 2016 జనవరిలో అక్కడ పీహెచ్‌డీ చేస్తూ ఆ అంబేడ్కర్ సంఘంలో ఉన్న రోహిత్ వేముల చనిపోయాడు, దేశమంతా ఆ క్యాంపస్ గురించి మాట్లాడింది, నేను చాలా రోజులు సరిగ్గా నిద్రపోలేదు. కాబట్టి అక్కడ అన్ని రకాల పిల్లలూ ఉన్నారంటే అందరూ హాయిగా కలిసిపోయారని అనుకోవద్దు. గాయాలు ఉన్నాయి, కోపాలు ఉన్నాయి. కానీ వాటి గురించి నోరు విప్పి మాట్లాడే చోటు అది, ఎకనామిక్స్ చదివే పిల్ల పద్దెనిమిదేళ్ళకే ఆ మాటలు వినడం మంచిదని నా నమ్మకం. మొదటి వారంలోనే అన్ని సంఘాలవాళ్ళూ నీ దగ్గరికి వస్తారు, అందరి మాటా విను, అందరి మీటింగులకీ వెళ్ళు, ఒక ఏడాది దాకా ఎందులోనూ సభ్యత్వం తీసుకోకు. మీ నాన్న దీని గురించే ఎక్కువ భయపడుతూ ఉండొచ్చు, ఆయనకి ఈ మాట చెప్పు.

క్యాంపస్ లైఫ్‌కి వస్తే రెండిటికీ పోలికే పెట్టలేం. వెంకటేశ్వర కాలేజీని మన టీటీడీ 1961లో పెట్టింది, ఢిల్లీలో మన వాళ్ళ చదువు కోసం అంత చేసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరే ఇప్పుడు దాని దగ్గర మెట్రో స్టేషన్‌కి ఉంది, దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ అని. మా టైంలో అక్కడ మెట్రో లేదు, బ్లూలైన్ అనే ప్రైవేటు సిటీ బస్సుల్లో వేలాడేవాళ్ళం, ఇప్పుడు 2018 నుంచి పింక్ లైన్ వచ్చింది, ఆడపిల్లలకి అది చాలా పెద్ద మార్పు. కాలేజీ గేటు లోపల జీవితం సాయంత్రం అయిదింటికి అయిపోద్ది, ఆ తర్వాత నీ క్యాంపస్ అంటే ఢిల్లీ నగరమే. డ్రామా సొసైటీలు, వీధి నాటకాలు, డిబేట్లు, పొద్దున ఆరింటికే లాన్‌లో రిహార్సల్స్, ఎక్కడ చూసినా ఫ్రీగా ఉపన్యాసాలు, నార్త్ క్యాంపస్‌లో ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ చెట్ల కింద కూర్చుని సీనియర్లతో మాట్లాడుకోవడం, సెలవల్లో ఇంటర్న్‌షిప్పులు. చొరవ ఉన్న పిల్లకి ఢిల్లీ బంగారు గని. చొరవ లేకపోతే కాలేజీ, పీజీ, ఫోన్, అంతే. నిన్ను రూమ్‌లోంచి బయటికి లాగే మనిషి అక్కడ ఎవరూ ఉండరు. చలి కంటే నవంబర్ పొగ ఎక్కువ బాధ పెడతది, ఉబ్బసం గానీ అలర్జీ గానీ ఉంటే అది ఒక్కటి చాలు వద్దనడానికి. హిందీ మాత్రం నాలుగు నెలల్లో వచ్చేస్తది, దానికి భయపడి సీటు వదులుకోవద్దు.

హెచ్‌సీయూ అంటే అడవిలో ఊరు. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత ఆరు సూత్రాల పథకం కింద 1974లో వచ్చిన యూనివర్సిటీ, మొదట అబిడ్స్‌లో సరోజినీ నాయుడి ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్‌లో నడిచి తర్వాత గచ్చిబౌలి రాళ్ళలోకి వచ్చింది. నెమళ్ళు, జింకలు, గుట్టల్లాంటి బండరాళ్ళు, బఫెలో లేక్. హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంట్‌కి సైకిల్ తొక్కుకుంటూ వెళ్తుంటే ఎదురుగా గచ్చిబౌలి అద్దాల బిల్డింగులు కనిపిస్తాయి, రెండూ ఒకే ఊరంటే నమ్మబుద్ధి కాదు. రాత్రి షాప్‌కామ్ (క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్) దగ్గర టీ తాగుతూ ఫిజిక్స్ పీహెచ్‌డీ చేసే అన్నతో, డ్యాన్స్ చదివే అమ్మాయితో, తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్ళతో గంటలు గంటలు కూర్చోవచ్చు. టీచర్లలో కొందరు క్యాంపస్‌లోనే ఉంటారు, సాయంత్రం వాకింగ్‌లో ఎదురైతే క్లాసులో ఆగిపోయిన డౌట్ అక్కడ అడిగేయొచ్చు. 2025 మార్చి చివర క్యాంపస్‌ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి చెట్లు కొట్టడానికి బుల్డోజర్లు వచ్చినప్పుడు అన్ని సంఘాల పిల్లలూ కలిసి నిలబడ్డారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. ఆ రోజు మా బ్యాచ్ వాళ్ళం ఎక్కడెక్కడి నుంచో ఒకరికొకరం ఫోన్లు చేసుకుని ఏడ్చాం. కాలేజీ మీద అంత ప్రేమ నాకు ఢిల్లీలో పుట్టలేదు, అక్కడి మనుషుల మీద పుట్టింది.

డబ్బు గురించి నువ్వు ఏం అడగలేదు, అడగకపోయినా నాన్న మనసులో అదే ఉంటది కాబట్టి చెప్తున్నా. ఫీజులు రెండు చోట్లా ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే తక్కువే, తేడా వచ్చేది ఉండటం, తినడం దగ్గర. సత్యనికేతన్‌లో ఇద్దరు ఉండే రూమ్‌కి తిండితో కలిపి నెలకి 12,000 నుంచి 18,000 దాకా అవుతుందని పోయినేడు వెళ్ళిన మా పిల్లలు చెప్పారు, డిపాజిట్ వేరే. హెచ్‌సీయూ హాస్టల్ అందులో చిన్న భాగమే. మూడేళ్ళకి కూడుకుని చూడు, మధ్యలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ టికెట్లు, స్వెట్టర్లు, రజాయి అన్నీ కలుపు. కాజీపేటలో ఎక్కితే మర్నాడు పొద్దునకి ఢిల్లీ, ప్రయాణం పెద్ద కష్టం కాదు, కానీ ఒంట్లో బాలేక అమ్మ కావాలనిపించిన రాత్రి ఆ దూరం చాలా పెద్దది. నాన్న అప్పు చేయాల్సి వస్తే ఆ వడ్డీ నీ చదువు మీద కూర్చుంటది. నాకు తెలుసు, మా నాన్న మొదటి ఏడాదికి చేసిన అప్పు నేను ఉద్యోగంలో చేరాక తీర్చా, ఢిల్లీలో ఐస్‌క్రీమ్ తిన్నా అది గుర్తొచ్చేది.

ఇన్ని చెప్పాక నా మాట ఏంటంటే, హెచ్‌సీయూ తీసుకో. మీ నాన్న చెప్పారని కాదు, దగ్గరని అసలే కాదు. నువ్వు పాఠం చెప్పే మనిషివి అవ్వాలనుకుంటున్నావు, దానికి నీ చేత సొంతంగా రాయించే చోటు కావాలి, నువ్వు ఎంచుకోని మనుషులతో ఒకే రూమ్‌లో పడుకునే చోటు కావాలి, నెలాఖరు భయం లేకుండా చదివే చోటు కావాలి. ఢిల్లీ ఎక్కడికీ పోదు, ఎంఏ తర్వాత పీహెచ్‌డీకి వెళ్ళు, ఇరవై మూడేళ్ళ వయసులో, చేతిలో ఫెలోషిప్‌తో, ఆ నగరం నీకు ఇంకా బాగా వాడుకోవడం తెలుస్తది. ఒకవేళ వెంకటేశ్వరలో నీకు కాలేజీ హాస్టల్ సీటు ఖాయంగా వచ్చి, ఖర్చుకి అప్పు అక్కర్లేదని నాన్న అంటే మాత్రం నేను ఇంత గట్టిగా చెప్పను, అప్పుడు నీ మనసు ఎటు ఉంటే అటు వెళ్ళు, రెండూ మంచి దారులే.

హెచ్‌సీయూలో చేరితే ఒక్క షరతు. శుక్రవారం సాయంత్రం రాగానే బ్యాగ్ భుజాన వేసుకుని ఇంటి బస్సెక్కే తెలంగాణ పిల్లల్ని చాలామందిని చూశా. వాళ్ళు ఐదేళ్ళు ఉండి కూడా ఆ క్యాంపస్‌లో ఒక్క ఆదివారం చూడరు, క్లాసులు మాత్రమే చేసి వెళ్ళిపోతారు. మనం సొంత గడ్డ మీద ఉంటాం కాబట్టి తెలుగు వాళ్ళం ఒక టేబుల్ దగ్గర చేరిపోవడం ఢిల్లీ కంటే ఇక్కడే ఇంకా సులువు. హుజూరాబాద్ నాలుగు గంటల దారి, కాబట్టి నెలకి ఒక్కసారే ఇంటికి, అంతే. అమ్మకి ఇప్పుడే చెప్పి ఒప్పించు, పచ్చడి కావాలంటే పార్సిల్ వేయమను, కాస్త ఎక్కువే వేయమను, రూమ్మేట్‌కి కూడా.

డీయూ సీటు విషయంలో పోర్టల్‌లో గడువు తేదీ చూసుకో, ఆఖరి రోజు దాకా ఆగకు. వద్దనుకుంటే పద్ధతి ప్రకారం విత్‌డ్రా చేసి దాని రసీదు దాచుకో. ఒరిజినల్ సర్టిఫికెట్లు, టీసీ ఎక్కడ ఇచ్చినా ముందు నాలుగు సెట్లు జిరాక్స్ తీసి పెట్టుకో. గడువుకి ఇంకా టైం ఉంది అంటున్నావు కదా, ఈ గురువారమో శుక్రవారమో నాన్నని తీసుకుని ఒకసారి క్యాంపస్‌కి వెళ్ళిరా. లింగంపల్లి దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సో ఆటోనో. ఆఫీసులో ఎవరినీ కలవక్కర్లేదు. మధ్యాహ్నం స్టూడెంట్ క్యాంటీన్‌లో నాన్నా నువ్వూ కూర్చుని భోజనం చేయండి, పక్క టేబుల్ దగ్గర అమ్మాయిలు ఉంటే వెళ్ళి అడుగు, అక్కా మీ రూమ్మేట్‌ది ఏ ఊరు, పోయిన సెమిస్టర్ టర్మ్ పేపర్ దేని మీద రాశారు, పోయిన నెల మెస్ బిల్ ఎంతొచ్చింది అని. వాళ్ళు చెప్పేది నాన్నని కూడా విననివ్వు. సాయంత్రం ఏమనిపించిందో నాకు రాయి, నాన్న ఏమన్నారో కూడా రాయి.